‘యమ ని కిత’, ‘యమ దె నకు’: జపాను వసంతం పాటలో విభక్తి ఎందుకు మారింది?

తూనీగ:

జపాను బడుల్లో రెండో తరగతి పిల్లలకు నేర్పే ‘హరు గ కిత’ పాటను తెలుగులో, అదే బాణీలో పాడుకునేలా రాయాలని ప్రయత్నం. మాటలు తకనొ తత్సుయుకివి, బాణీ ఒకనొ తెఇఇచిది. 1910లో అక్కడి విద్యాశాఖ వేసిన పాటల పుస్తకంలో వచ్చింది. పాట మొత్తం ఇంతే:

హరు గ కిత, హరు గ కిత, దొకొ ని కిత
యమ ని కిత, సతొ ని కిత, నొ ని మొ కిత

హన గ సకు, హన గ సకు, దొకొ ని సకు
యమ ని సకు, సతొ ని సకు, నొ ని మొ సకు

తొరి గ నకు, తొరి గ నకు, దొకొ దె నకు
యమ దె నకు, సతొ దె నకు, నొ దె మొ నకు

హరు వసంతం, హన పువ్వు, తొరి పిట్ట. యమ కొండ, సతొ ఊరు, నొ చేను లేదా బయలు. కిత వచ్చింది, సకు పూస్తుంది, నకు కూస్తుంది. దొకొ అంటే ఎక్కడ.

రెండు సందేహాలు. మొదటి రెండు చరణాల్లో ‘ని’ ఉంది, మూడోదానిలో అది ‘దె’ అయింది. చోటు అదే కొండ, అదే ఊరు. మరి విభక్తి ఎందుకు మారింది? రెండోది, ‘వసంతం వచ్చింది వసంతం వచ్చింది’ అని మొదలుపెడితే బాణీలో అసలు కూర్చోవడం లేదు. తప్పెక్కడుంది?

కంజి కలం:

మొదటి సందేహం వరకు చెబుతాను. మనం ఒక్క ‘చోటు’ అనుకునేదాన్ని జపనీసు రెండుగా చూస్తుంది. ఏదైనా చేరే చోటు, ఉండే చోటు అయితే ‘ని’. పని జరిగే చోటు అయితే ‘దె’.

వసంతం కొండకు చేరింది, కాబట్టి ‘యమ ని కిత’. పువ్వు పూయడమూ వాళ్ల లెక్కలో ‘ఉండటం’ వైపుకే వస్తుంది: పూసిన పువ్వు ఆ చోటే నిలిచి ఉంటుంది, అందుకని ‘యమ ని సకు’. పిట్ట కూయడం మాత్రం అక్కడ జరిగి అయిపోయే పని, కనుక ‘యమ దె నకు’. అనుమానమొస్తే ‘ఉంది’ అనే క్రియతో పోల్చి చూడండి. కొండమీద పిట్ట ఉంది అనాలంటే ‘యమ ని తొరి గ ఇరు’. అదే పిట్ట అక్కడే కూస్తోంది అంటే ‘యమ దె తొరి గ నకు’. పిట్ట కదల్లేదు, క్రియ మారింది, దానితో విభక్తి మారింది.

మూడో చరణంలో ‘యమ ని నకు’ అని పాడితే వ్యాకరణం పూర్తిగా కూలిపోదు కానీ పాత కవిత్వపు వాసన వేస్తుంది. ప్రాచీన భాషలో పని జరిగే చోటుకూ ‘ని’ వాడేవారు. ‘దె’ తరవాత వచ్చింది, ‘నితె’ అరిగి అరిగి ‘దె’ అయింది. ఈ పాట చిన్నపిల్లల కోసం వాడుకభాషలో రాసింది కాబట్టి ఆ తేడా అలాగే ఉంచారు. పాడేటప్పుడు మూడు చరణాలకూ ‘ని’ పెట్టేయడం పెద్దవాళ్లు కూడా చేసే పొరపాటు. బాణీ ఒకటే కావడంతో నాలుక అలవాటు ప్రకారం పోతుంది. పిల్లలకు మూడో చరణాన్ని విడిగా, పాడించకుండా చదివించి, తరవాత బాణీలో పెట్టాలి.

ఇంకో హెచ్చరిక. ‘నకు’ అనే శబ్దానికి ఏడవడం అనే అర్థం కూడా ఉంది. రాతలో కంజి (చైనా నుంచి వచ్చిన అక్షరం) వేరు, ఉచ్చారణ ఒకటే. రోమను లిపిలో చూసి అనువదించేవారు పిట్టను ఏడిపించేస్తారు.

యతిప్రాస:

రెండో సందేహానికి ముందు పాటలోని అక్షరాలు లెక్కపెట్టండి. హ-రు-గ-కి-త, అయిదు. దొ-కొ-ని-కి-త, అయిదు. నొ-ని-మొ-కి-త, అయిదు. చరణానికి ఆరు ముక్కలు, ప్రతి ముక్కా అయిదే. యమ, సతొ రెండేసి అక్షరాల మాటలు, నొ ఒక్కటే. ఆ లోటు పూడ్చింది ‘మొ’. ‘కూడా’ అనే అర్థమూ దానిదే, లెక్క సరిచేసిన పనీ దానిదే.

ఇక బాణీ. ‘హ’ మీద ఒక దెబ్బ, ‘రుగ’ రెండూ కలిసి ఒక దెబ్బ, ‘కి’ ఒకటి, ‘త’ ఒకటి. మన లెక్కలో చెప్పాలంటే గురువు, రెండు లఘువులు, రెండు గురువులు. అంటే ఒక భగణం, దాని తరవాత గగం. ‘వసంతం’ చూడండి: లఘువు, గురువు, గురువు. సాగాల్సిన చోట ‘వ’ పొట్టిగా ఉంది, పరిగెత్తాల్సిన చోట ‘సంతం’ బరువుగా ఉంది. అందుకే కూర్చోవడం లేదు. మాటను సాగదీసో నొక్కేసో ఇరికిస్తే పిల్లలు ‘వాసతం’ అని పాడతారు.

‘ఆమని’ పెట్టి చూడండి. ఆ-మ-ని, సరిగ్గా భగణం. ‘ఆమని వచ్చె’లో చివరి ‘చ్చె’ ఒక్కటే పొట్టిది, దాన్ని పాటలో ‘చ్చే’ అని సాగదీస్తే సరి. జానపద పాటల్లో అది ఎప్పుడూ చేసేదే. ‘ఎక్కడికొచ్చె’ కూడా అదే కొలత: ఎక్ గురువు, కడి లఘువులు, కొచ్ గురువు.

ఆమని వచ్చే, ఆమని వచ్చే, ఎక్కడికొచ్చే
కొండకు వచ్చే, ఊరికి వచ్చే, చేనికి కూడా

చివర క్రియ వదిలి ‘కూడా’ పెట్టాను. తెలుగులో ‘కూడా’ అర్థాన్ని మామూలుగా దీర్ఘంతో తెస్తాం, ‘చేనికీ వచ్చె’ అని. కానీ ఆ దీర్ఘం మూడో అక్షరాన్ని గురువు చేస్తుంది, భగణం పోతుంది. ‘చేనికి కూడా’ అంటే అర్థమూ కొలతా రెండూ బతుకుతాయి, పైగా చివరి రెండూ అచ్చంగా గురువులే. ‘చేనికి సైతం’ అనీ పెట్టొచ్చు, కొలత అదే. రెండో తరగతి పిల్లవాడి నోట ‘సైతం’ ఎందుకండీ, వద్దు.

తూనీగ:

‘ఆమని’తో మొత్తం పట్టు దొరికింది. మిగతా రెండు చరణాలు అదే కొలతలో ఇలా వచ్చాయి:

పువ్వులు పూసే, పువ్వులు పూసే, ఎక్కడ పూసే
కొండన పూసే, ఊరిలొ పూసే, చేనిలొ కూడా

పిట్టలు కూసే, పిట్టలు కూసే, ఎక్కడ కూసే
కొండన కూసే, ఊరిలొ కూసే, చేనిలొ కూడా

‘ఊరిలో’ అని దీర్ఘం పెడితే యతిప్రాస గారు చెప్పిన తంటా వస్తుంది, అందుకే ‘లొ’. ఇక్కడ ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతోంది. జపనీసులో గీత రెండో చరణానికీ మూడోదానికీ మధ్య పడింది. తెలుగులో అది మొదటి చరణానికీ రెండోదానికీ మధ్య పడింది. వాళ్లకు రావడమూ పూయడమూ ఒక జట్టు, కూయడం వేరు. మనకు రావడం ఒక్కటే వేరు, దానికి ‘కు’. పూయడానికీ కూయడానికీ ఒకే ‘న’, ఒకే ‘లొ’.

కంజి కలం:

సరిగ్గా పట్టారు. మన ‘కు’ చేరే చోటు మాత్రమే చెబుతుంది, వాళ్ల ‘ని’ చేరే చోటూ ఉండే చోటూ రెండూ మోస్తుంది. తెలుగువాళ్లు జపనీసు నేర్చుకునేటప్పుడు ‘లో’ కనబడిన చోటల్లా ‘దె’ పెట్టడానికి మూలం ఇదే. ‘ఇంట్లో ఉన్నాను’కు ‘దె’ పెడతారు, అది తప్పు. నేర్పేవాళ్లు ఈ పాటలో రెండో చరణాన్నీ మూడోదాన్నీ పక్కపక్కన రాసి చూపిస్తే పాఠం అక్కడే అయిపోతుంది.

కాలం గురించి ఒక మాట. ‘కిత’ జరిగిపోయినది, ‘సకు’, ‘నకు’ జరుగుతూ ఉండేవి. ‘పూసే’ అనేది పాటలో ‘పూసెను’ అని వినబడుతుంది. ‘పూయు’, ‘కూయు’ అంటే కాలం కుదురుతుంది, కొలతా కుదురుతుంది. అయితే పుస్తకం భాషలోకి పోతుంది. నా ఓటు ‘పూసే’కే.

స్వరజతి:

బాణీ వైపు నుంచి కొన్ని.

మాటలో ‘కిత’ అన్నప్పుడు ‘కి’లోని ఇకారం దాదాపు వినబడదు, గాలిలా పోతుంది. పాటలో దానికి సొంత స్వరం ఉంది కాబట్టి నిండుగా పలకాలి. జపనీసు మాట్లాడటం బాగా వచ్చినవాళ్లే ఇక్కడ ‘క్త’ అని మింగేస్తారు. ఇంకొకటి ‘హరు గ’లోని ‘గ’. మాట మధ్యలో, విభక్తిగా వచ్చే ‘గ’ను పాత బడి పాటల సంప్రదాయంలో ముక్కుతో పలికిస్తారు, అచ్చంగా మన ‘ఙ’. మాట మొదట్లో వచ్చే ‘గ’ మామూలు గకారమే. ఇప్పటి పిల్లలు చాలామంది రెండూ ఒకేలా పాడుతున్నారు, తప్పు పట్టరు. బృందగానం నేర్పేవాళ్లు మాత్రం ముక్కు ‘ఙ’నే అడుగుతారు, గట్టి ‘గ’ పాట నడకను నరికినట్టు చేస్తుందని. అక్షరమాలలో చూడటమే తప్ప పలికే పని పడని ‘ఙ’కు ఇక్కడ పని దొరికింది.

అక్షరానికో స్వరం అన్న లెక్క బాగా అర్థం కావాలంటే సీతాకోకచిలుక పాట ‘చ్యోచ్యో’ మేలు. 1881 నాటి తొలి బడి పాటల పుస్తకంలోది, బాణీ జర్మనీ పిల్లల పాటది. ప గ గ, మ రి రి, ఆ తరవాత స రి గ మ ప ప ప. ఆ ఏడు స్వరాల మీద ‘న నొ హ ని తొమరె’, ఏడు అక్షరాలు, ఒక్కటీ మిగలదు, ఒక్కటీ చాలకపోదు. శంకరాభరణం స్వరాలే కాబట్టి మన పిల్లలకు శ్రుతి ఇబ్బంది ఉండదు.

ఇబ్బంది ‘సకుర సకుర’ (చెర్రీ పూల పాట)తో. అది ‘ఎదో’ అనే పాత పాలనాకాలం నాటి కొతొ అనే తంతి వాద్యపు అభ్యాస గీతం, 1888లో టోక్యో సంగీత పాఠశాల వేసిన కొతొ సంకలనంతో అందరికీ చేరింది. పద్నాలుగు ఆవర్తాల పాట. ముగిసే స్వరాన్ని షడ్జం చేసుకుంటే దొరికేది స రి1 మ1 ప ద1 (1 అంటే కింది మెట్టు, 2 అంటే పై మెట్టు), అంటే కర్ణాటక శుద్ధ సావేరి. మొదలు మ మ ప, మ మ ప. ఆ పైన మ ప ద ప, మ పమ రి. తరవాత స ద స రి, స సద ప, ఇందులో ద, ప మంద్రంలోవి. మన పిల్లలు ఎక్కడ జారుతారంటే రిషభంలో, ధైవతంలో. అవి కొంచెం పైకి పోయాయా, రి2 ద2 అయి ఉత్త ‘శుద్ధ సావేరి’ అనే వేరే రాగం అయిపోతుంది. పాట హాయిగానే ఉంటుంది కానీ అది సకుర కాదు. తంబుర మీద ‘స రి1 స’ ఒక్కటే పదిసార్లు అనిపించి, ఆ తరవాతే ‘పమ రి’ దగ్గరకు వెళ్లాలి. గమకం వద్దు, ఒక్క రిషభానికి కూడా వద్దు.

యతిప్రాస:

స్వరజతి గారూ, పాత మాటల్లో ‘సకుర’ చివరి ముక్క ‘మి ని యుకన్’ కదా. దాన్ని మనవాళ్లు నాలుగు అక్షరాలుగా లెక్కపెట్టడం చూస్తుంటాం.

స్వరజతి:

అయిదు. మి-ని-యు-క-న్. ‘న్’కు విడిగా లెక్క ఉంది. స రి పమ రి స అనే చివరి నడకలో ‘క’ రిషభం మీద అయిపోతుంది, ఆఖరి షడ్జం మొత్తం ‘న్’దే. మనకు పొల్లు ముందు అక్షరానికి అతుక్కుని దాన్ని గురువు చేస్తుంది, కాబట్టి సహజంగా ‘కా’ అని సాగదీసి చివర్లో ‘న్’ ముట్టిస్తాం. అలా చేస్తే ‘క’ రెండు స్వరాలు తినేస్తుంది. ‘క’ను తుంచి, నోరు మూసి, ముక్కుతో షడ్జం నిలపాలి.

1941లో వచ్చిన కొత్త మాటల్లో చివర ‘హన జకరి’ ఉంది, హ-న-జ-క-రి, అదీ అయిదే. ఆఖరి స్వరం మీద ‘రి’. చిన్నపిల్లలకు ఇది తేలిక. నాలుగో తరగతిలోపు పిల్లలకు ఈ మాటలతో మొదలుపెట్టి, పాత మాటలు తరవాత నేర్పడం మంచిది.

నారుమడి:

మాటల్లోని మొక్కల సంగతి కూడా చూడాలి, అనువాదాలు ఎక్కువగా తప్పేది అక్కడే.

‘హరు నొ ఒగవ’ (వసంతపు సెలయేరు) పాటలో గట్టు మీద ‘సుమిరె’ (చిన్న ఊదా రంగు అడవిపువ్వు), ‘రెంగె’ పూసి ఉంటాయి. నిఘంటువులో ‘రెంగె’ అంటే తామర అని ఉంటుంది. పాటలో అది తామర కానే కాదు. వసంతంలో, పారే నీటి గట్టున తామర పూయదు. ఇది ‘రెంగెసొ’ అనే పప్పుజాతి మొక్క, పువ్వు తామరలా గుత్తిగా ఉంటుందని ఆ పేరు. వరి కోతల వేళ పొలంలో చల్లుతారు, చలికాలం నిలిచి వసంతంలో గులాబీ-ఊదా రంగులో పూస్తుంది, నాట్లకు ముందు దున్ని మట్టిలో కలిపేస్తారు. వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి కాబట్టి ఎరువు. మన డెల్టాల్లో వరి తరవాత పిల్లిపెసర వేసి కలియదున్నడం ఇదే పని. కృష్ణా, గోదావరి వైపు పిల్లలకు ‘పిల్లిపెసర లాంటిదే, పువ్వు మాత్రం గులాబీ రంగు’ అంటే పొలం మొత్తం కళ్లకు కడుతుంది. ‘తామర’ అంటే చెరువు కనబడుతుంది. అయితే ‘హిరఇత హిరఇత’ అనే ఆటపాటలోని రెంగె వేరు. అక్కడ పువ్వు విచ్చుకుని మళ్లీ ముడుచుకుంటుంది, పిల్లలు చేతులు పట్టుకుని వలయాన్ని పెద్దది చేసి చిన్నది చేస్తారు. దానికి తామరే సబబు.

‘చ్యోచ్యో’లో ‘న నొ హ’ అన్నది ఆవజాతి మొక్క ఆకు. పువ్వు ‘న నొ హన’. సీతాకోకచిలుకను ఆకు మీద వాలమనడం విడ్డూరం కాదు, తెల్ల సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది ఆ జాతి ఆకుల మీదే. అనువదించేవారు ‘పువ్వు మీద వాలు’ అని దిద్దేస్తారు. దిద్దవద్దు.

తూనీగ:

లిపి సంగతి కూడా తేల్చండి. తత్సుయుకి, నత్సు, త్సుకి అని రాస్తే చదివేవాళ్లు తడబడుతున్నారు. ‘చ్యోచ్యో’లో యకారం ఎందుకో కూడా అడుగుతున్నారు.

యతిప్రాస:

ఈ పనికి మన దగ్గర అక్షరం ఉంది: ౘ. చుక్క, చలి, చోటు అన్నప్పుడు మనం పలికేది ఈ దంత్య చకారమే. చిలుక, చెట్టు అన్నప్పుడు తాలవ్యం. అచ్చతెలుగు మాటల్లో అ, ఉ, ఒ ముందు దంత్యం, ఇ, ఎ ముందు తాలవ్యం. జపనీసులో కూడా ‘ౘు’ దంత్యం, ‘చి’ తాలవ్యం. నౘు (ఎండాకాలం), ౘుకి (చంద్రుడు) అని రాసి, ‘చుక్కలో చ’ అంటే చాలు, తెలుగు పిల్లవాడు తప్పు పలకడు. ‘ఒబొరొౙుకియొ’ (మసక వెన్నెల రాత్రి) పాట పేరులో ౙ కూడా అంతే, జున్నులో జ.

‘నత్సు’ అని రాయడంలో ఇంకో నష్టం ఉంది. ‘త్సు’ సంయుక్తాక్షరం, దాని ముందు ‘న’ గురువైపోతుంది. మన చెవికి మూడు మాత్రలు. జపనీసులో అది రెండే. పాటలో ఆ అదనపు మాత్ర ‘నత్-త్సు’ అని వినబడుతుంది. ‘నౘు’ అంటే రెండు లఘువులు, లెక్క సరి. ఫోనులో ౘ డబ్బాలా కనబడితే మామూలు ‘చు’ రాసి పక్కన ‘చుక్క’ అని గుర్తు పెట్టుకోండి, ‘త్సు’ కంటే అదే నయం.

యకారం ఎందుకంటే: జపనీసులో ‘చ, చో’లు కూడా తాలవ్యాలే. మనం ‘చోచో’ అని రాస్తే ‘చోటు’లో చకారం వస్తుంది. అందుకని చ్యోచ్యో. తేయాకు కోత పాట పేరులో రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి: చ్యౘుమి.

మరో మేలు, మనకు ఎ-ఏ, ఒ-ఓ తేడా లిపిలోనే ఉంది. రోమను లిపిలో గీత పెట్టడం మరచిపోతే దీర్ఘం మాయమవుతుంది. తెలుగులో రాసుకుంటే ఆ బాధ లేదు.

కంజి కలం:

హిరగన (జపాను అక్షరమాల) చూసి తెలుగులోకి ఎత్తి రాసేవారికి: విభక్తిగా వచ్చే ‘హ’ను ‘వ’ అని, ‘హె’ను ‘ఎ’ అని చదవాలి. ‘హరు నొ ఒగవ హ’ అని కొన్ని చోట్ల కనబడుతోంది, అది ‘ఒగవ వ’. చ్యోచ్యోలో ‘హన కర హన ఎ’, పువ్వు నుంచి పువ్వుకు. ఆ ముక్క 1947లో పెట్టింది. అంతకుముందు అక్కడ చక్రవర్తి పాలన వర్ధిల్లుతోందనే మాటలు ఉండేవి.

‘హరు నొ ఒగవ’ మాటలూ ఇలాగే మారాయి. 1912లో నాలుగో తరగతి పుస్తకంలో వచ్చినప్పుడు ‘సరసర నగరు’, గ్రాంథికం. 1942లో దాన్ని మూడో తరగతికి దించారు. ఆ తరగతికి గ్రాంథిక వ్యాకరణం ఇంకా రాదు కాబట్టి హయషి ర్యూహ వాడుకభాషలోకి మార్చారు, ‘సరసర ఇకు యొ’ అయింది. చివర ‘సకె యొ సకె యొ తొ’ (పూయండి పూయండి అని) కాస్తా ‘సఇతె ఇరు నె తొ’ (పూశారే అని) అయింది. 1947లో ఆ ఒక్కటి మళ్లీ ‘సకె యొ’కు తిరిగొచ్చింది. పుస్తకాన్ని బట్టి మాటలు వేరుగా కనబడితే ఏదో తప్పనుకోకండి. ఆ పాటకు మూలమని చెప్పే టోక్యోలోని కోహొనె వాగును 1964 ఒలింపిక్స్‌కు ముందే కప్పేశారు. యొయొగిలో రైలు పట్టాల పక్కన పాట పేరిట రాయి ఉంది.

‘నిఒఇ’ అనే మాట దగ్గర కూడా జాగ్రత్త. ఇప్పటి భాషలో వాసన. పాత భాషలో రంగు మెరవడం, వెలుగు విరియడం. 1914 నాటి ‘ఒబొరొౙుకియొ’లో ‘నిఒఇ అవషి’ అన్నది సాయంకాలపు చంద్రుడి గురించి. వెలుగు పలచగా ఉంది అని అర్థం, పరిమళం కాదు. ‘సకుర’ కొత్త మాటల్లోని ‘అసహి ని నిఒఉ’ కూడా ఉదయపు ఎండలో మెరవడమే. ఆ పాటల్లోని ‘కసుమి’ని పొగమంచు అంటే మనకు పుష్యమాసం గుర్తొస్తుంది. కసుమి వసంతపు పగటి మసక. అదే రాత్రి అయితే ఒబొరొ. ‘మసక వెన్నెల’ అంటే ఒబొరొౙుకి చక్కగా దిగుతుంది.

తూనీగ:

‘సకుర’ పాత మాటల్లోని ‘యయొఇ నొ సొర’లో యయొఇని మార్చి నెల అనవచ్చా?

కంజి కలం:

పాత చాంద్రమానంలో మూడో నెల. జపాను 1873లో కొత్త క్యాలెండరుకు మారింది, బాణీ అంతకంటే పాతది. చాలా ఏళ్లలో ఆ నెల మన చైత్రంతో కలుస్తుంది. ‘చైత్రపు ఆకాశం’ అంటే మార్చి కంటే దగ్గరగా ఉంటుంది.

తూనీగ:

‘హరు నొ ఒగవ’ మొదటి పాదం ఇలా అనుకున్నాను: ‘ఆమని వాగూ గలగల పారే’. సరసరను అలాగే ఉంచాలా అని ఆలోచన.

యతిప్రాస:

ఉంచవద్దు. మనకు సరసర అంటే పాము పాకడం, లేదా ఎవరో వేగంగా నడిచిపోవడం. జపనీసు సరసర అడ్డులేని సన్నని కదలిక: ఇసుక జారడం, ఆరిన జుట్టు, ఆకుల రాపిడి, చిన్న నీటిపాయ. గలగల కొంచెం ఎక్కువ చప్పుడే, రాళ్ల మీది నీళ్లు. అయినా వాగుకు పిల్లల చెవిలో స్థిరపడిన మాట అదే. ‘సలసల’ అంటే కాగిపోతుంది, ‘జలజల’ అంటే రాలిపోతుంది.

కొలత కూడా బాగుంది. మూలంలో హ-రు-నొ, ఒ-గ-వ-వ, స-ర-స-ర, ఇ-కు-యొ, అంటే మూడు, నాలుగు, నాలుగు, మూడు, ప్రతి ముక్కకూ నాలుగు దెబ్బలు. మీది ఆమని, వాగూ, గలగల, పారే, నాలుగేసి మాత్రలు. మిగతాది అలాగే నడపండి.

తూనీగ:

ఆమని వాగూ గలగల పారే
గట్టున సుమిరెకు రెంగెకు తానే
తీరుగ మెత్తగ రంగుల ముద్దుగ
పూయవె పూయవె గుసగుసలాడే

సుమిరెకు తెలుగు పేరు దొరక్క అలాగే ఉంచాను. ఇక్కడ మూలంలోని ‘రెంగె నొ హన ని’ (రెంగె పూలకు)లోని ‘ని’ మూడో రకం కదా, ఎవరితో గుసగుసలాడిందో వాళ్లకు.

కంజి కలం:

అవును, అందుకే ‘కు’ సరిపోయింది. ‘అని’ లేదు, గమనించారా. మూలంలో రెండో ‘సకె యొ’ పక్కన ‘తొ’ ఉంది, మన ‘అని’. ‘సకె యొ’ మూడక్షరాలే కాబట్టి నాలుగో దెబ్బ ఖాళీగా దొరికింది, ‘తొ’ అందులో కూర్చుంది.

యతిప్రాస:

తెలుగులో ‘పూయవె’ ఒక్కటే నాలుగు మాత్రలు నింపేసింది, ‘అని’కి చోటు లేదు. పెడితే కొలత దాటుతుంది, పరుగెత్తాలి. గుసగుసలాడే అన్న క్రియే ఎవరి మాటో చెబుతోంది, వదిలేయండి. మార్చాల్సింది ‘వె’. అది ఒక్కరిని పిలిచేది. గట్టున ఉన్నవి సుమిరెలూ రెంగెలూ, చాలా పూలు. ‘పూయరె పూయరె’ అనండి, మాత్రలు అవే.